కుడి మోటారు ఎక్కువ తాగుతోందని

కరోనా గొడవ సద్దుమణిగిన మరుసటి ఏడాది, ఎండలు ముదురుతున్న రోజులు. హోసూరులో రాయకోట రోడ్డు మీద మా వర్క్‌షాపు. పడవల మోటార్లకు బిగించే ప్రొపెల్లర్లు బాగుచేస్తాం. సముద్రం చూడాలంటే ఇక్కడి నుంచి బస్సెక్కి ఒక పూటంతా కూర్చోవాలి. అలాంటి ఊళ్ళో పడవల పనేమిటని అడగని బంధువు లేడు. మొదట్లో ఓపిగ్గా చెప్పేదాన్ని, ఇప్పుడు నవ్వి ఊరుకుంటున్నాను.

చెప్పడానికి పెద్ద కథేం లేదు. నేను కుందారపల్లి రైతు కూతుర్ని. డిప్లొమా చదివి, ఇక్కడే ఒక కాస్టింగ్ ఫ్యాక్టరీలో ఇన్‌స్పెక్షన్‌లో చేరాను. అంటే పోతపోసిన సామాను కొలతకి సరిపోయిందో లేదో చూసే పని. అక్కడే వెల్డింగ్ చేసే మునిరాజు, నేను కలిసి బయటికి వచ్చి, కార్ల అల్యూమినియం చక్రాలు సరిచేసే షాపు పెట్టాం. చెన్నైలో మోటార్లు అమ్మే ఆయనొకరు వంగిపోయిన ప్రొపెల్లర్‌ని పంపి, ఇది కూడా అల్యూమినియమే కదా, చూడండి అన్నాడు. చూశాం. ఆ తర్వాత కార్ల చక్రాలు తగ్గి ఇవే ఎక్కువయ్యాయి.

ప్రొపెల్లర్‌కి పిచ్ అని ఒక కొలత ఉంటుంది. చెక్కలో స్క్రూని ఒక చుట్టు తిప్పితే కొంత లోపలికి దిగుతుంది కదా, అలాగే ప్రొపెల్లర్ ఒక్క చుట్టు తిరిగితే పడవ ఎంత ముందుకు పోవాలో చెప్పేది పిచ్. రెక్కల వంపు ఎక్కువైతే పిచ్ ఎక్కువ, మోటారు మీద బరువూ ఎక్కువ. వంపు తగ్గితే మోటారు సులువుగా తిరుగుతుంది కానీ పడవ అంత కదలదు. పెట్రోలు ఎక్కువ తాగుతోందంటే అందరూ మోటారు మూత విప్పుతారు. నేను ముందు నీళ్ళలో తిరిగే రెక్కల్ని అనుమానిస్తాను. నా స్వభావమే అంత. ఇంట్లో మిక్సీ మొరాయించినా మొదట బ్లేడే చూస్తాను.

ఆ రోజు పొద్దున్నే ఇద్దరు మనుషులు గోనెసంచిలో ఒక ప్రొపెల్లర్ మోసుకొచ్చారు. పులికాట్ వైపు కుప్పం, అంటే సముద్రపు ఒడ్డున జాలర్ల పల్లె వాళ్ళు. ముందొచ్చిన పెద్దాయన పేరు వీరయ్య, పడవ ఆయనది. వెనక వచ్చినాయన లోపలికి రాకుండా బయట బెంచీ మీదే కూర్చున్నాడు.

"ఫ్యాను బాగుందా లేదా, అంతే చెప్పమ్మా. ఆయప్ప చెవిన పడేటట్టు చెప్పు," అన్నాడు వీరయ్య. వాళ్ళు ప్రొపెల్లర్‌ని ఫ్యాను అంటారు.

ఆయప్ప ఎవరని అడిగితే, తన చెల్లెలి మొగుడు గోవిందు అనీ, పడవ నడిపేది అతనే అనీ చెప్పాడు. చెప్పడానికి ఇష్టం లేనట్టు మొదలుపెట్టి, మొదలయ్యాక మాత్రం ఆగలేదు. వంజరం చేపల కోసం ఒడ్డు కనపడనంత దూరం పోయే పడవ అది. వెనక బయటికి వేలాడేట్టు బిగించిన రెండు పెద్ద అవుట్‌బోర్డ్ మోటార్లు, దేని ట్యాంకు దానికి వేరు. కొన్ని నెలలుగా కుడి మోటారు ట్యాంకు ముందే ఖాళీ అయిపోతోంది. మొత్తం మీద ఖర్చు కూడా పెరిగింది. పోయినసారి అయితే తిరిగివచ్చేటప్పుడు సముద్రం మధ్యలోనే కుడి ట్యాంకు అడుగంటి, ఒక్క మోటారుతో ఈడ్చుకుంటూ వచ్చారు. మెకానిక్ మోటారంతా విప్పి చూసి ఏ లోపమూ లేదన్నాడు. పైపులు కారడం లేదు. కాబట్టి గోవిందే నడిసముద్రంలో వేరే పడవలకి పెట్రోలు అమ్ముకుంటున్నాడని వీరయ్య తేల్చేశాడు. చెల్లెలు నాగమ్మ కూడా అన్న మాటే నమ్మి, పిల్లల్ని తీసుకుని పుట్టింటికి వచ్చేసింది.

అమావాస్య నాడు కుప్పంలో పెద్దలు కూర్చుంటారట. దొంగతనం నిజమని తేలితే ఆ తీరంలో గోవిందుని ఇక ఏ పడవా ఎక్కించుకోదు. పని తెలిసిన బయటి మనిషి ఎవరైనా చూసి చెబితే వింటామని పెద్దలన్నారు. ఆ బయటి మనిషిని నేనన్నమాట. కుడి మోటారు ఫ్యానులో లోపం ఉందంటే గోవిందు బతికాడు. లేదంటే అంతే.

ఇదంతా ముందే తెలిసి కొలవడం నాకు నచ్చలేదు. కానీ కొలిచాను. రెక్కల కింద పిచ్ గేజీ పెట్టి, మూడు రెక్కలూ, ఒక్కో రెక్కా లోపలి నుంచి అంచు దాకా చూశాను. గీతలున్నాయి, వంకర లేదు. పిచ్ ఉండాల్సినంత ఉంది. మునిరాజు కూడా ఒకసారి చూసి తల ఊపాడు.

బాగుందని చెప్పాను. అబద్ధం చెప్పలేను కదా.

వీరయ్య గుమ్మం వైపు తిరిగాడు. "వింటివా, గోవిందూ?"

గోవిందు తల ఎత్తలేదు. ఏం చెయ్యాలో తోచనప్పుడు నేను చేసే పని ఒకటే, కాఫీ తెప్పించడం. గోవిందు ఎడమ చేత్తో గ్లాసు అందుకున్నాడు. కుడి చెయ్యి ఒళ్ళోనే ఉంది. ఎత్తబోయి మధ్యలోనే దించుకోవడం చూసి, భుజానికి ఏమైందని అడిగాను.

"స్టీరింగు చక్రం పట్టుకొని పట్టుకొని అట్లయిందమ్మా. పడవ ఎడమకే లాగతాది. కుడికి బిగించి పట్టుకోకుంటే నేరుగా పోదు."

"ఎప్పటి నుంచప్పా?"

"ట్యాంకు గొడవ మొదలైన కాడి నుంచి. బావకి చెప్పినా. సాకులు చెప్పొద్దన్నాడు."

నేను గ్లాసు పక్కన పెట్టేశాను. రెండు మోటార్లనూ ఎలా నడుపుతావని అడిగాను. మోటారు ఎంత వేగంగా తిరుగుతోందో చూపే రెండు మీటర్లలో ముళ్ళు ఒకే అంకె మీద ఉండేట్టు పెడతాడట. ఆ తీరంలో అందరూ అలాగే చేస్తారు, చేయవలసిందీ అదే. పెట్రోలు పెంచే ఎడమ లీవరు కొంచెం తోస్తే ముల్లు ఆ అంకెకి వచ్చేస్తుందనీ, కుడిదాన్ని మాత్రం బాగా తోయాల్సి వస్తోందనీ, కేబుల్ వదులైందనుకున్నాననీ చెప్పాడు.

నాకు వీరయ్య మీద నిజంగానే కోపం వచ్చింది. "ఒంటి చెప్పు తెచ్చి నా నడక చూడు అంటే ఎట్లప్పా? రెండో ఫ్యాను యాడ?"

"దానికేం రోగమమ్మా? అది పెట్రోలు మిగిలిస్తా ఉంది."

"మిగిలిస్తా ఉంది గాబట్టే చూడాల. అది వచ్చేదాకా నా మాట యాడా చెప్పొద్దు."

వీరయ్య గొణుక్కుంటూనే ఊరికి ఫోన్ చేశాడు. అక్కడివాళ్ళు ఎడమ ప్రొపెల్లర్ విప్పి చెన్నై బస్టాండుకి చేర్చి, హోసూరు బస్సులో వేశారు. బావాబావమరుదులిద్దరూ ఊళ్ళో లాడ్జీలో దిగారు. ఒకే గదిలో పడుకుని ఒక్క మాట కూడా మాట్లాడుకోలేదని తర్వాత గోవిందు చెప్పాడు.

మర్నాడు వచ్చిన ప్రొపెల్లర్ చూడటానికి కుడిదాని కంటే అందంగా ఉంది. పాలిష్ పట్టి, రంగు వేసి ఉంది. గేజీ పెట్టగానే సంగతి తెలిసిపోయింది. మూడు రెక్కలూ చదునయ్యాయి. పిచ్ రెండంగుళాల దాకా తగ్గింది. మూడూ ఒకే రకంగా తగ్గడం వల్లే ఇన్నాళ్ళు దొరకలేదు. ఒక రెక్క వంగితే మోటారు వణుకుతుంది, ఎవరికైనా తెలుస్తుంది. మూడూ సమానంగా చదునైతే వణుకుండదు.

దీన్ని ఎవరు కొట్టారప్పా అని అడిగాను. వీరయ్య ఒక రెక్కని వేలితో తడుముతూ చెప్పాడు. గోవిందు ఏదో చావుకి వేరే ఊరు పోయినప్పుడు తానే పడవ తీశాడట. సరస్సు సముద్రంలో కలిసే ముఖద్వారం దగ్గర ఇసుకమేట తగిలి ఎడమ ఫ్యాను వంగింది. హార్బర్‌లో వేడిచేసి సాపు చేసే మనిషి ఉంటే అతనికిచ్చాడు. అతని దగ్గర చిన్న మోటార్ల ఫ్యాన్లకి సరిపోయే వంపున్న ఇనప దిమ్మె ఒకటే ఉంది. ఏది తెచ్చినా దాని మీదే పెట్టి కొడతాడు. పెద్ద ఫ్యాను రెక్కల్ని కూడా ఆ చిన్న వంపుకే తెచ్చేశాడు.

"వణకలేదమ్మా. వణక్కపోతే బాగున్నట్టే గదా," అన్నాడు వీరయ్య.

నేను మా నాన్న ఎద్దుల జతతో పోల్చి వివరించబోయాను. ఎద్దుల సంగతి తనకి తెలియదన్నాడు. సరే, ఒడ్డుకి లాగే పెద్ద వల తెలుసు కదా, రెండు తాళ్ళలో ఎడమ తాడు వాళ్ళు లాగుతున్నట్టు నటిస్తే ఏమవుతుందని అడిగాను. కుడి తాడు వాళ్ళ నడుములు విరుగుతాయన్నాడు. ఇక్కడా అంతే. ముళ్ళు ఒకే అంకె చూపిస్తున్నా ఎడమ మోటారు ఊరికే తిరుగుతోంది, కాబట్టి తక్కువ తాగుతోంది. పడవ బరువంతా కుడి మోటారు మోస్తోంది, కాబట్టి ఎక్కువ తాగుతోంది. కుడివైపు తోపు ఎక్కువై పడవ ఎడమకి తిరుగుతోంది. దాన్ని నేరుగా ఉంచడానికి చక్రం పక్కకి పట్టుకుంటే నీళ్ళు అడ్డుపడి ఇంకా పెట్రోలు పోతోంది. ఇన్నాళ్ళూ పనిచేసేదాన్ని తిట్టి, పనిచేయనిదాన్ని మెచ్చుకుంటూ వచ్చారు.

గోవిందు అప్పుడు లోపలికి వచ్చాడు. బావని తిడతాడేమో అనుకున్నాను. తిట్టినా నేను అడ్డుపడేదాన్ని కాదు.

"బావా, పెద్దోళ్ళకి తర్వాత చెబుదువు. ముందు నాగమ్మకి నువ్వే చెప్పు. ఈడే, నా ఎదుట చెప్పు."

వీరయ్య ఫోన్ తీశాడు. పెరట్లోకి పోబోయి, గోవిందు ముఖం చూసి అక్కడే నిలబడిపోయాడు. చెల్లెలితో ఆయన చెప్పింది రెండు మూడు మాటలే. ఇసుకమేటకి తగిలించింది తనేననీ, గోవిందు ఏ తప్పూ చేయలేదనీ. అవతల ఆమె ఏమందో మాకు వినపడలేదు. వీరయ్య కళ్ళు తుడుచుకున్నాడు. మునిరాజు గ్రైండర్ ఆపేసి, పనేమీ లేకపోయినా బయటికి వెళ్ళాడు.

ఆ ప్రొపెల్లర్‌ని నెమ్మదిగా వేడిచేసి, సరైన దిమ్మె మీద మళ్ళీ వంపు తెచ్చాం. పగుళ్ళు లేవని చూసుకున్నాకే ఇచ్చాం. జతని పక్కపక్కన పెట్టి కొలిచి, గోవిందు చేతికే గేజీ ఇచ్చి చూడమన్నాను.

కొన్ని వారాల తర్వాత అతను ఫోన్ చేశాడు. రెండు ట్యాంకులూ సమానంగా దిగుతున్నాయట, ఖర్చు మునుపటికి వచ్చిందట, చక్రం చేతికి తేలిగ్గా ఉందట. నాగమ్మ వచ్చిందా అని అడిగాను.

"వచ్చిందమ్మా. నేను చెప్పినప్పుడు నమ్మలేదు. మీరు ఫ్యాను కొలిచి చెబితే నమ్మింది," అన్నాడు.

అప్పటి నుంచి జత మోటార్ల పడవ వాళ్ళు ఒక్క ప్రొపెల్లర్ తెస్తే గేజీ బయటికి తీయను. దూరాభారం, బస్సు ఛార్జీ, ఏ సాకూ వినను, రెండోది కూడా తెచ్చుకోమంటాను. ఈవిడకి పొగరని చెన్నైలో పేరొచ్చింది, రానీ. మొదటి రోజు నేను చెప్పిన కొలతలో తప్పేమీ లేదు. ఇప్పుడు కొలిచినా అదే వస్తుంది. ఆ సరైన కొలతని పట్టుకునే ఒక మనిషిని దొంగని చేసి పంపేవాళ్ళం.