పద్నాలుగు రెండో శనివారాలు

పోయినవాటిని ముందు వరసగా రాసుకుంటే గాని నాకు మాట సాగదు. ఒక తల్లికీ ఆమె బిడ్డకూ పోయినవి ఇవి. శనివారాలు పద్నాలుగు. పోనూ రానూ ప్రయాణాలు ఇరవై ఎనిమిది. ఇనుప గేటు ముందు నిలబడ్డ గంటలు, రోజుకు నాలుగు చొప్పున యాభై ఆరు. సత్తుగిన్నెలో ఉడకబెట్టి, మూతకు గుడ్డ బిగించి తెచ్చిన పీతలు ఎన్నో, వాటి లెక్క తల్లికే తెలియదు. ఒక పసుపు గౌను, కొన్ననాడు పిల్లకు వదులు, ఇచ్చిననాటికి బిగుతు. రెండు పాలపళ్ళు, అవి ఊడినప్పుడు తల్లి దగ్గర లేదు. ఇంకా నాకు తెలియనివి ఉంటాయి, తెలియనివాటిని కూడికలో వెయ్యను.

ఇదంతా మళ్ళీ ఎందుకు తవ్వుతున్నానంటే, పోయిన సోమవారం టపాలో కోర్టు నుంచి ఒక ఫారం వచ్చింది. గిరిజన కుటుంబాల తగవుల్లో సయోధ్యకు తోడ్పడిన పాత సహాయకులందరినీ పిలిచి సభ చేస్తారట, శాలువాలు కప్పుతారట, అందుకని ఎవరి హయాంలో ఎన్ని కుటుంబాలు కలిశాయో, తల్లిదండ్రులు పిల్లల్ని చూసుకున్న రోజులు ఎన్ని జరిగాయో గళ్ళల్లో నింపి పంపమన్నారు. కుటుంబాల గడి నింపాను. రెండో గడి దగ్గర కలం ఆగింది. అట్లాంటి గడిలో ఒకసారి నేను వేసిన అంకె వల్ల ఎంత చేటు జరిగిందో ఫారం పంపినవాళ్ళకు తెలియదు, అప్పటికి వాళ్ళెవరూ ఆ కొలువులో లేరు.

నేను చదివింది ఏడో తరగతి. లెక్కలు మాత్రం ఎవరూ నేర్పకుండానే పట్టుబడ్డాయి. కృష్ణపట్నం దారిలో రొయ్యల గుంటల దగ్గర ట్రేలు లెక్కపెట్టే పనిలో ఇరవై ఏళ్ళు ఉన్నాను. గుంట పట్టుబడి అమావాస్యకో పౌర్ణమికో పడుతుంది, అది ఆదివారమా పండగా అని ఎవరూ చూడరు, లారీ వచ్చిందా, ఐసు వచ్చిందా, అంతే. ఆ గుంటల్లో చేతుల్తో తడిమి రొయ్య ఏరేవాళ్ళు ఎక్కువమంది యానాదులు. వాళ్ళ ట్రేల లెక్క నేను తక్కువ రాయలేదన్న ఒక్క కారణానికి వాళ్ళు నన్ను లెక్కలన్నా అనేవాళ్ళు. మా మేనమామ పట్నంలో ఒక వకీలు దగ్గర గుమాస్తా. కుటుంబ తగవుల కోర్టులో యానాది కుటుంబాల కేసులు నడవడం లేదు, పిలిస్తే వాళ్ళు రావడం లేదు, వాళ్ళు నమ్మే మనిషి కావాలి అని అక్కడ అనుకుంటుంటే, మా మేనమామ నా పేరు చెప్పినాడు. అట్లా నలభై ఒకటో ఏట నేను గిరిజన కుటుంబాల సహాయకుణ్ణి అయ్యాను, మెళ్ళో ఒక కార్డు కూడా వేసుకున్నాను.

వాళ్ళు ఎందుకు రారో నాకు మొదటి నెలలోనే అర్థమైంది, కోర్టుకే ఎన్నేళ్ళు చెప్పినా అర్థం కాలేదు. ప్రతి కాగితంలోనూ మొదటి ప్రశ్న శాశ్వత చిరునామా. ఈ నెల ఈ గుంట, వచ్చే నెల సరుగుడు తోట, వానల్లో దొరవారిసత్రం వైపు, ఇట్లా పనిని బట్టి కదిలే మనుషులకు ఏ చిరునామా రాయాలి? రాయకపోతే కాగితం తీసుకోరు, రాస్తే నోటీసు అక్కడికి పోయి మనిషి లేడని తిరిగొస్తుంది, తిరిగొస్తే వీళ్ళకు కోర్టంటే లెక్కలేదని రాస్తారు. అవగాహన సదస్సని ఒకటి పెట్టినారు. వేదిక మీద పదకొండు కుర్చీలు, కింద పట్టలు, మైకులో గంటన్నర ఉపన్యాసం, చివర వేలిముద్రలు. పక్కనున్న ముసలావిడ వేలి సిరా చీరకు తుడుచుకుంటూ, ఇంతకీ ఎవరి పెళ్ళి సామీ ఇది, అని నన్నడిగింది. నవ్వినాను, తర్వాత కోపమొచ్చింది, ఎవరి మీదో ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఇక అసలు సంగతి. గుంటల దగ్గర పనిచేసే ఒక యానాది అమ్మాయి, సముద్రం ఒడ్డు పాళెంలో వలవేసే కుటుంబపు అబ్బాయి, ఏడేళ్ళు కలిసి కాపురం చేసినారు. వాగు గట్టున గుడిసె, ఒక ఆడపిల్ల. పిల్లకు ఆరో ఏడు నడుస్తుండగా అబ్బాయి తల్లి కబురు పెట్టి కొడుకును పాళేనికి రప్పించుకుని, తమలోనే ఇంకో సంబంధం చూసి పెళ్ళి చేసింది. గుడిసె వదిలి పోతూ పోతూ అతను పిల్లను ఎత్తుకుపోయినాడు. యానాదుల పెద్దమనిషి అయితే అందరినీ ఒకచోట కూర్చోబెట్టి, పొద్దుటి నుంచి పొద్దుగూకేదాకా అరిచేవాళ్ళను అరవనిచ్చి, ఒక్కరోజులో తేల్చేవాడు. పాళెంవాళ్ళు ఆ పెద్దమనిషి ముందు కూర్చునేది లేదన్నారు. వాళ్ళ పెద్దల ముందు ఈమెను నిలబడనివ్వలేదు. అందుకని కోర్టు.

తొమ్మిది వాయిదాల తర్వాత, కాపురం ఇక కలవదు గాని పిల్లను తల్లి నెలకొక రోజు చూసుకునేటట్టు రాజీ కుదిరింది. కోర్టు ఆవరణలోనే ఒక గది, బల్ల, రెండు కుర్చీలు, రిజిస్టరు. పిల్లను నాయనమ్మ తీసుకురావాలి, తల్లి వచ్చి నాలుగు గంటలు ఉండాలి. ఏ రోజు అన్నది తేలక వకీళ్ళిద్దరూ గింజుకుంటుంటే, నేను చెయ్యెత్తి లేచినాను. ఆదివారం కోర్టుండదు. మామూలు శనివారం పిల్లకు బడి ఉంటుంది. రెండో శనివారం అయితే బడికి సెలవు, కాబట్టి రెండో శనివారం పెట్టండి అన్నాను. భలే అన్నారు. రాజీ పత్రంలో ఆ వాక్యం నా దస్తూరీయే.

ఇది చదువుతున్న నా ఈడువాళ్ళలో సర్కారు కొలువు చేసినవాళ్ళు ఈపాటికి తల పట్టుకుని ఉంటారు. రెండో శనివారం బడికే కాదు, కోర్టుకూ సెలవే. రొయ్యల గుంటకు సెలవు లేదు, నా బతుకులో రెండో శనివారం అన్నది ఎప్పుడూ రాలేదు, పక్కింటి పిల్లలు ఇంట్లో ఉంటారు కాబట్టి బడి సంగతొక్కటే తెలుసు. నాకు తెలియదు సరే. ఇద్దరు వకీళ్ళు, రాజీ కుదిర్చే మేడమ్‌గారు, పత్రం టైపు కొట్టిన ఆమె, సంతకం పెట్టిన జడ్జిగారు, వీళ్ళలో ఏ ఒక్కరూ ఏళ్ళ తరబడి రెండో శనివారం ఆ గేటు దాటినవాళ్ళు కారే! ఆ రోజు ఇంట్లో కాళ్ళు చాపుకుని పడుకునే అయిదుగురూ కలిసి, ఆ రోజే తల్లీబిడ్డల్ని రమ్మని రాసినారు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మొదటి నెల ఇద్దరూ వచ్చినారు. గేటుకు తాళం. తల్లి, పిల్ల ఒకళ్ళనొకళ్ళు రోడ్డు మీద చూసుకున్నారు, నాయనమ్మ కోడలి వంక తలెత్తకుండా పిల్ల రెక్క పట్టుకుని ఉండగానే, అదీ కాఫీ తాగినంతసేపు. ఆ తర్వాత నాయనమ్మ రాలేదు. తాళంకప్పకు చూపించేదానికా బిడ్డను తోలకొచ్చేది, అని పాళెంలో అందట. అందులో తప్పు పట్టడానికి ఏముంది?

తల్లి మాత్రం మానలేదు. కాపలా అతను మొదటిసారే చెప్పినాడట, ఈపొద్దు సెలవమ్మే, సోమవారం రాపో, అని. మాకు శనివారమే రాసినారు సామీ, అందట ఈమె. అయితే రాసినోళ్ళనే అడుగు అన్నాడట. ఆమె అడగలేదు. కోర్టు రాసింది కాబట్టి తాళం వేసిన తలుపు ముందు నిలబడడం కూడా కోర్టు చెప్పిందే అనుకుంది. ఇట్లా కొన్నాళ్ళు నిలబడితే తన ఓర్పు చూసి తలుపు తీస్తారనుకుంది. చదువుకున్నవాళ్ళు నవ్వొచ్చు. తాళం ముందు నిలబెట్టడం సర్కారుకు కొత్తా, యానాదులకు కొత్తా?

మరి నువ్వేం చేస్తున్నావయ్యా అంటే, నేను లెక్కలు రాస్తున్నాను. నా కింద ఇరవై మూడు కుటుంబాలు, తిరగాల్సిన ఊళ్ళు పదిహేను. ఆరో నెలలో ఒకసారి ఆమె గుంట గట్టున ఎదురుపడితే, సైకిలు దిగకుండానే అడిగాను.

"పోతుండావా మే?"

"పోతానే ఉండాను లెక్కలన్నా."

అది నిజం. నేను అడిగింది పోతున్నావా అని, చూశావా అని కాదు. ఆమె జవాబు తప్పు కాదు, నా ప్రశ్న తప్పు. నెలకొకటి చొప్పున ఆరు నెలలకు ఆరు వేసుకున్నాను, ఏడాదికి పన్నెండు, ఇంకో రెండు నెలలకు పద్నాలుగు. చూసుకున్న రోజులు పద్నాలుగు అని నా రిపోర్టులో గుండ్రంగా రాసి పంపినాను. గుణించినాను గాని లెక్కపెట్టలేదు. ట్రేల దగ్గర ఇరవై ఏళ్ళలో ఒక్కనాడూ చెయ్యని పని అది. కళ్ళారా చూడని ట్రేను నేను ఎప్పుడూ రాయలేదు.

పదిహేనో నెలలో తండ్రి తరఫున అర్జీ పడింది. తల్లి ఒక్కసారీ రాలేదు, ఆమెకు బిడ్డ మీద ఆపేక్ష లేదు, రాజీ రద్దు చెయ్యండి అని. సాక్ష్యం గదిలోని రిజిస్టరు. తెరిస్తే ఒక్క సంతకం లేదు. జడ్జిగారు దాని పక్కన నా రిపోర్టు పెట్టుకుని చూసినారు. ఒకదాంట్లో సున్న, ఇంకోదాంట్లో పద్నాలుగు. నన్ను పిలిచినారు.

"ఈ పద్నాలుగూ మీరు చూశారా?"

"లెక్క వేసినానండీ."

"చూశారా అని అడిగాను."

ఆ తర్వాత తల్లిని అడిగినారు. ఆమె కొంగుముడి విప్పి బస్సు టిక్కెట్ల కట్ట తీసి బల్ల మీద పెట్టింది. నేనే ఎంచినాను, ఇరవై ఏడు. ఒకటి తగ్గిందేమంటే ఒకసారి ఓడరేవు లారీవాడు ఊరికే ఎక్కించుకున్నాడంది. కాని అవి మిషన్లో చీల్చిచ్చే టిక్కెట్లు, కొంగులో చెమటకీ గుంట నీళ్ళకీ అక్షరాలు ఎగిరిపోయి అన్నీ తెల్లబడి ఉన్నాయి. తండ్రి వకీలు ఒకటి వెలుతురుకు ఎత్తిపట్టి, ఇది టిక్కెట్టో పొట్లం కాయితమో మీరే చెప్పండి అన్నాడు. కొందరు నవ్వినారు. అప్పుడామె, గొంతు పెంచకుండానే, అడిగింది.

"గదికి తాళమేసుంటే లోపలుండే పుస్తకంలో ఎట్ట రాసేది సామీ?"

ఏ తాళం అన్నారు జడ్జిగారు. ఆమె చెప్పింది. గుమాస్తా గోడ మీది కాలెండరు దింపి తిప్పినాడు. ఆ ఏటి రెండో శనివారాలన్నీ ఎర్ర అంకెలే. పాత కాలెండరు కూడా తెప్పించి చూసినారు, అందులోనూ ఎరుపే. నాయనమ్మ ఒక్కతే అందరికీ వినబడేటట్టు, మొదటినాడే చెప్పినా గదా తాళమని, నా మాట వినేదెవరు, అంది. ఆ రోజు ఆ గదిలో నిజం చెప్పినవాళ్ళు ఇద్దరే, ఆ ఇద్దరూ ఒకరికొకరు పగవాళ్ళు.

అర్జీ కొట్టేసినారు. రోజును కోర్టు తెరిచి ఉండే నాలుగో శనివారానికి మార్చినారు, ఆ పూట పిల్లకు బడి మాన్పించమన్నారు. పోయిన పద్నాలుగు రోజులనూ ఇరుపక్షాల వీలును బట్టి తల్లికి తిరిగి ఇవ్వవలెను అని రాసినారు. వీలును బట్టి! అంత పెద్ద తప్పును దిద్దడానికి ఆ మాట తప్ప వేరే దొరకలేదా? వేటకు పోయినప్పుడు వీలు లేదు, వేట లేనప్పుడు మనసు బాగాలేదు, జాతర, పరీక్షలు, జ్వరం. పాళేనికీ గుడిసెకీ మధ్య నా సైకిలు టైర్లు రెండుసార్లు మార్చినాను. మొత్తానికి ఆ పద్నాలుగులో మూడు రోజులు ఇప్పించగలిగాను. మొదటి రోజు పిల్ల నాయనమ్మ వెనక దాక్కుంది, అంతవరకూ మీయమ్మ రాలేదు, మీయమ్మ రాలేదు అని విని ఉన్నది కదా. రెండో రోజు పసుపు గౌను తొడగబోతే భుజాల దగ్గర పట్టలేదు, ముగ్గురం దాన్ని చూస్తూ కూర్చున్నాం. మూడో రోజు వాగులో పీతను వెనక నుంచి ఎట్లా పట్టాలో తల్లి చూపించింది, విడిపోయాక పిల్ల మొదటిసారి అమ్మా అని అరిచింది, వేలు కొరికించుకుని. నాలుగో శనివారాలు జరిగినవి జరిగాయి, తప్పినవి తప్పాయి, అవన్నీ రిజిస్టరులో ఉన్నాయి, వాటి జోలి నాకు లేదు. నా మెడకు చుట్టుకున్నవి ఆ పద్నాలుగే. పిల్ల మేజరు కాగానే ఫైలు మూసేసినారు.

ఇప్పుడు ఆ గది చూస్తే గుర్తుపట్టలేం. గోడలకు రంగులు, బొమ్మలు, మెత్తటి చాప, ఫ్యాను, సెలవు రోజుల్లో కూడా తెరవబడును అన్న బోర్డు. ఆ బోర్డు ఎవరి కాళ్ళు నొచ్చి వచ్చిందో అక్కడ ఎవరికీ తెలియదు. వాగు గట్టు మీద తారురోడ్డు పడింది, గుడిసెలు కాలనీకి మారాయి, యానాదులకు ఇన్నాళ్ళకు ఒక శాశ్వత చిరునామా వచ్చింది, నోటీసులు బాగానే అందుతున్నాయి. ఆ పిల్లకు పంతొమ్మిదేళ్ళు, రొయ్యల కంపెనీలో ప్యాకింగుకు పోతుంది, సెలవు దొరికితే తనే స్కూటీ మీద తల్లి దగ్గరకొస్తుంది. మొన్న ఫారం జేబులో పెట్టుకుని నేను కాలనీకి పోతే ఇద్దరూ వాకిట్లో కూర్చుని ఉన్నారు. ఇన్నిసార్లు వస్తున్నా గదమ్మా, ఆ పాత రోజులు ఎప్పుడో తీరిపోయుంటాయి, కొట్టేయమని చెప్పు లెక్కలన్నకు, అని పిల్ల నవ్వింది. తల్లి కూడా నవ్వి, నువ్వొచ్చేది నీ లెక్కలోదమ్మే, ఆరేండ్ల బిడ్డ రావాల్సినవి వేరే ఉండాయి, అవి నువ్వు తీర్చలేవులే, అంది. తర్వాత నా వైపు తిరిగి, ఎన్నుండాయి లెక్కలన్నా, అని అడిగింది. ఆమెకు తెలుసు, నా నోటితో వినాలని అడుగుతుంది, ప్రతిసారీ అడుగుతుంది.

ఇంటికొచ్చి ఫారం ముందేసుకున్నాను. జరిగిన రోజుల గడిలో ఆ పద్నాలుగుకు మూడు అని రాసి, మిగతావి రిజిస్టర్లలో చూసుకోమన్నాను. బాకీ ఉన్న రోజులకు గడి లేదు. గీతల కింద ఖాళీలో నేనే ఒక గడి గీసి, అందులో అంకె వేసి, పక్కన సంతకం పెట్టాను: పదకొండు.