సగపాలుకు ఇచ్చిన ఫోను జీవాలు

ఒప్పందం జరిగిన ఆదివారం ఉదయం మా ఇంటి పంచలో ఉన్నవాళ్లు నలుగురు: నేను, అమ్మ, నాయన, రెండిళ్ల అవతల ఉండే చిన్నమ్మ. ఉన్న వస్తువులు: రెండు ఫోన్లు, ఒక చార్జరు, చిన్నమ్మ చేతికర్ర, అమ్మ ముందు చేటనిండా ఒలవాల్సిన శెనక్కాయలు. నా ఫోనులో తొమ్మిది జీవాలు.

అవి ఒక ఆటలోవి. నత్తగుల్ల మోసేది ఒకటి, రెక్కల ఎలుక ఒకటి, మూడు కొమ్ములది ఒకటి, అట్లా. క్రిప్టో నాణేలు పెట్టి ఒక్కొక్కటీ కొన్నాను. వాటిని ఎన్‌ఎఫ్‌టీలంటారు. ఈ బొమ్మ నాదేనని ఎవరూ తుడపలేని ఒక పద్దులో రాసి ఉంటుంది, అంతే. మూడింటిని జట్టు కట్టి ఆడిస్తే ఆటలోని నాణేలు వస్తాయి, వాటిని మార్చుకుంటే రూపాయలు. నేను అప్పుడు ఇంటి నుంచే ఉద్యోగం చేస్తున్నాను. మూడు జట్లు ఆడించే తీరిక లేదు.

చిన్నమ్మకు తీరిక ఉంది. బండి మీద నుంచి పడి చీలమండ విరిగి, రాడ్డు వేయించుకుని ఇంట్లో కూర్చుంది. ఉన్న పన్నెండు గొర్రెల వెంట చిన్నాయన ఒక్కడే పోతున్నాడు. ఒక జట్టు నువ్వు ఆడించు, వచ్చిందాంట్లో సగం సగం అన్నాను.

"గొర్రెల్ని సగపాలుకిచ్చినట్లే గదా!" అంది చిన్నమ్మ.

"అంతే," అన్నాను.

మా దిక్కు ఆ పద్ధతి అందరికీ తెలిసిందే. జీవాలు ఒకరివి, మేపేది మరొకరు, పుట్టిన పిల్లలు చెరి సగం. మేపుతుండగా ఏదైనా చస్తే తోలు తెచ్చి ఆసామికి చూపించాలి. తోలు చూపిస్తే తగువు లేదు. చూపించలేకపోతే అమ్ముకున్నారో తిన్నారో అనుకుంటారు, మళ్లీ ఎవరూ జీవాలివ్వరు. మా ఒప్పందానికి మా అమ్మ సాక్షి.

ఒక్క సంగతి మాత్రం నేను చెప్పలేదు. చిన్నమ్మకిచ్చిన పాస్‌వర్డుతో ఆడడమే వీలవుతుంది, వాటిని అమ్మడానికి కావాల్సిన తాళం నా దగ్గరే ఉంటుంది. చెప్పాల్సిన అవసరం అనిపించలేదు.

ఆమె నాకంటే బాగా ఆడింది. ఏది ఎప్పుడు అలసిపోతుందో, దేన్ని ముందు నిలబెట్టాలో వారంలో పట్టుకుంది. కొళాయి దగ్గర ఆడవాళ్లు ఆటపట్టించేవాళ్లు.

"ఏమక్కా, నీ జీవాలు మేసినాయా?"

"మేసినాయిలే. మీవాటికంటే మేలు. పెంటికలూడ్చే పని లేదు."

నాలుగు నెలలు ఆమె సగం ఆమెకిచ్చాను. ఆ దుడ్లతో ఏం చేసిందో నేను అడగలేదు. ఆ తర్వాత నాణెం ధర పడడం మొదలైంది. పడుతోందని నాకు తెలుసు, రోజూ ఫోనులో ధర గీత దిగడం చూస్తున్నాను. ఆమెకు తెలియదు. ఆమెకు కనిపించేది గెలుపోటములే, అవి బాగానే ఉన్నాయి.

ఒక బుధవారం మధ్యాహ్నం ఆఫీసు మీటింగులో మైకు ఆపేసి తొమ్మిదింటినీ అమ్మేశాను. నాలుగు నిమిషాలు పట్టింది. చిన్నమ్మ దగ్గరున్న మూడూ అందులోనే పోయాయి. సాయంత్రం పోయి చెప్తాననుకున్నాను. సాయంత్రం పోలేదు.

మరుసటి రోజు పొద్దున కర్ర పొడుచుకుంటూ ఆమే వచ్చింది. ముఖం కడిగినట్లు లేదు.

"రేయ్, జీవాలు కనపడల్యా. ఖాళీగా ఉండాది."

"ఎప్పట్నుంచి?"

జవాబు తెలిసిన ప్రశ్నే నేను అడిగాను.

"రాత్రి ఆడదామని తెరిస్తే లేవు. పొద్దున చూసినా లేవు. నేనేందో నొక్కినట్లుండాను. ఎరుపుది ఒకటుంటాది చూడు, అది నొక్కినానేమో." ఫోను నా ముందుకు చాపింది. "చచ్చింటే తోలన్నా తెచ్చి చూపింతును. ఇవి అది గూడా మిగల్చల్యా."

అమ్మ ఒలుస్తున్న కాయ అట్లే పట్టుకుని నా వైపు చూసింది.

తోలు నా దగ్గరే ఉంది. ఏ రోజు, ఎన్ని గంటల ఎన్నో నిమిషానికి, ఎవరి ఖాతా నుంచి ఎవరి ఖాతాకు పోయాయో ఆ పద్దులో రాసి ఉంది. లోకంలో ఎవరైనా తెరిచి చూడొచ్చు. మా పంచలో చూడగలిగేది నేనొక్కణ్ణే.

"చూస్తాను చిన్నమ్మా. ఒక్కోసారి అట్ల అయితాది," అన్నాను.

అబద్ధం చెప్పలేదని చాలా రోజులు నాకు నేనే చెప్పుకున్నాను. చూస్తానన్నాను. ఒక్కోసారి అట్లా అవుతుందన్నాను. రెండు వాక్యాల్లోనూ తప్పు పట్టడానికి లేదు.

పక్కూరి ఆసామి ఒకాయన ఇరవై గొర్రెలు సగపాలుకు ఇస్తానని చిన్నాయనకు అంతకుముందే మాటిచ్చి ఉన్నాడు. చిన్నమ్మ కాలు నయమైతే ఇద్దరూ మేపుకుంటారని. మందను పెంచుకోవడానికి వాళ్లకున్న దారి అదొక్కటే. కొనే శక్తి లేదు. ఫోను జీవాలు పోయిన సంగతి కొళాయి దగ్గర నుంచి పక్కూరికి పోయింది. ఆయన నేరుగా మా ఇంటికే వచ్చాడు.

"ఏమప్పా," అన్నాడు నాయనతో, "మీవోని జీవాలు ఆయమ్మ పోగొట్టిందంట, నిజమేనా?"

"నాకేం తెల్సన్నా. వాణ్ణే అడుగు," అన్నాడు నాయన.

ఆయన నా వైపు తిరిగాడు. నేను, "అది ఆమె తప్పు కాదు సార్, టెక్నికల్ సమస్య," అన్నాను.

"తప్పు సంగతి నేనడగల్యా. ఆమె చేతిలో ఉన్నెప్పుడు పోయినాయా, లేదా?"

"పోయినాయి."

"తోలు?"

"అవి ఫోనులోవి సార్, తోలుండదు."

ఆయన నవ్వాడు. "మంచిదేలే," అని బండెక్కాడు. నాలుగు రోజుల తర్వాత ఆ ఇరవై గొర్రెలను మా వీధి చివరి ఇంటివాళ్లు తోలుకొచ్చుకున్నారు.

ఆ రోజు పోయి చెప్పాను. చిన్నమ్మ గడప మీద కూర్చుని కాలికి నూనె రాసుకుంటోంది. నేనే అమ్మానని చెప్పి, ఫోనులో పద్దు చూపించాను. ఆమెకు ఆ అంకెలు అర్థం కాలేదు. ఒక్కటే అడిగింది.

"అయితే నేనేం నొక్కల్యా?"

"లేదు చిన్నమ్మా."

"ఎర్రది?"

"నొక్కలేదు. నొక్కినా పోవు."

నూనె గిన్నె పక్కన పెట్టింది. తర్వాత లోపలున్న చిన్నాయనకు వినబడేలా, "నేనేం నొక్కల్యాంటప్పా!" అని అరిచింది. నన్ను చూసి, "ఈ మాట ఆ ఆసామి మీ పంచలో అడిగిన దినం నీ నోట్లో ఏముండెరా?" అంది. ఆమె తిట్టి ఉంటే కూర్చునేవాణ్ణి. తిట్టలేదు కాబట్టి లేచి వచ్చేశాను.

పక్కూరికి పోయి ఆసామికీ చెప్పాను. విన్నాడు. ఇచ్చినవాటిని వెనక్కి అడగడం మర్యాద కాదన్నాడు. కాఫీ ఇప్పించాడు.

ఇది జరిగి ఏడాది దాటింది. చిన్నమ్మ ఇప్పుడు కర్ర లేకుండానే నడుస్తుంది, కూలికి పోతుంది. ఎదురైతే పలకరిస్తుంది, నేనే తల వంచుకుంటాను. ఆ ఇరవై గొర్రెల మంద రోజూ సాయంత్రం మా ఇంటి ముందు నుంచే పోతుంది. నిన్న నిలబడి లెక్కపెట్టాను. పిల్లలు పద్నాలుగు. సగపాలు లెక్కన ఏడు.