మా చెరువుకి క్రేన్లు వచ్చిన రోజు

మా మావయ్య చేపల చెరువుని ఒక్క మధ్యాహ్నంలో ఖాళీ చేయించిన ఘనుణ్ణి నేను. వరదా కాదు, చేపల జబ్బూ కాదు, ఒకే ఒక్క ఇంగ్లీషు మాట! నవ్వదలచినవారు ఇప్పుడే నవ్వేయండి, తర్వాత ఆయన మీద జాలితో నవ్వు రాకపోవచ్చు.

సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే జేబుల్లోకి వస్తున్న రోజులవి. ఏలూరులో స్పోకెన్ ఇంగ్లీషు పూర్తిచేసి, నోరు దురదగా ఉండి మండవల్లిలో మావయ్య ఇంట్లో దిగాను. ఆ ఏడు కొల్లేట్లో చేపల చెరువుల గట్లు సర్కారువాళ్ళు కొట్టేస్తారని ఊరంతా గుబులు. మావయ్యకున్న ఆధారమల్లా ఆ చెరువే. చేపలింకా ఎదగలేదు, గట్టు తెగితే అన్నీ కొల్లేటి పాలే. జీపు చప్పుడైతే చాలు, పాపం ఆయనకి ముద్ద దిగేది కాదు.

సరిగ్గా అప్పుడే మా గట్టు మీద జీపు ఆగింది. మెడలో బైనాక్యులర్స్ వేలాడేసుకుని ఎవరో ఉత్తరాది ఆయన దిగి, ఇంగ్లీషు అందుకున్నాడు.

"ఏవంటున్నార్రా అల్లుడూ?" అన్నాడు మావయ్య.

"రేపు పొద్దున్నే మన చెరువు మీదకి క్రేన్లొస్తాయటండి. చూడ్డానికి ఈయనా వస్తారట."

మావయ్య భుజం మీది తువ్వాలు జారిపోయింది. "గట్లు కొట్టేది పొక్లెయిన్లు కదరా, క్రేన్లెందుకు? ఎన్నొస్తాయో అడుగు."

అడిగాను. వచ్చినాయన ముఖం వెలిగిపోయింది.

"అదృష్టం బాగుంటే వందల్లో వస్తాయటండి."

"ఎవరి అదృష్టంరా? చేపల సంగతేంటో అడుగు!"

"అన్నీ తినేస్తాయటండి."

"క్రేన్లు చేపల్ని తినడమేంట్రా?"

నిజం చెప్పొద్దూ, నాకూ అయోమయంగానే ఉంది. కానీ నన్ను ఆ కోర్సులో చేర్పించిందే మావయ్య. అర్థం కాలేదంటే పరువేం కావాలి? "ఎత్తుకుపోవడాన్ని ఇంగ్లీషులో అలాగే అంటారండి," అన్నాను.

గట్టు పక్కనే ఉన్న ఇంటి గుమ్మంలోంచి వచ్చి నిలబడ్డ అత్తయ్య, "ఏవండీ, ఆయనింకా ఏదో అంటున్నారండీ," అంది.

"ఒక్కోసారి డాన్సు కూడా చేస్తాయట అత్తయ్యా."

"డ్రైవర్లు తాగొస్తారన్నమాట," అని తేల్చేశాడు మావయ్య.

వెళ్ళేముందు ఆయన మాకు షేక్‌హ్యాండిచ్చి, మీరెంత అదృష్టవంతులో అన్నాడు. మావయ్యకి కళ్ళనీళ్ళొక్కటే తక్కువ. అంతే, వలలు దిగాయి. సాయంత్రానికి చెరువు ఖాళీ. కైకలూరు నుంచి వచ్చిన వ్యాపారి బొచ్చెల్నీ శీలావతుల్నీ చూసి, "ఏవండీ, ఇవి చేపలా, చేపపిల్లలా?" అన్నాడు.

"పట్టుకెళ్ళండి బాబూ," అన్నాడు మావయ్య. ఆ గొంతు నాకింకా గుర్తే.

తెల్లారేసరికి ఆయన గట్టుకి అడ్డంగా పడుకున్నాడు. క్రేన్లు ముందు తన మీంచి పోవాలట! బైనాక్యులర్స్ ఆయన మాత్రం నెమ్మదిగా మావయ్యని దాటుకుని వెళ్ళి, "క్రేన్స్! క్రేన్స్!" అని గుసగుసలాడుతూ గంతులేశాడు.

మావయ్య లేచి కూర్చుని రోడ్డు వైపు చూశాడు. ఏమీ లేదు. బైనాక్యులర్స్ ఆయన వేలు చూపిస్తున్న వైపు చూశాడు. బురదలో మిగిలిన చిన్న చేపల్ని ముక్కుతో పొడుచుకు తింటూ, మధ్యమధ్య రెక్కలు విప్పి గెంతుతూ, గుంపులు గుంపులుగా...

"కొంగలు!" అన్నాడు మావయ్య. "ఒరేయ్, కొంగల్నట్రా క్రేన్లనేది! మరి ఆ యంత్రాన్నేమంటారు?"

"అదీ క్రేనేనండి."

"ఇదీ అదీ ఒకటేనా?"

ఇంట్లోకి పరిగెత్తి డిక్షనరీ తెచ్చాను. "కొంగకీ యంత్రానికీ మెడ పొడుగు కదా మావయ్యా. మెడ ముందుకి చాచడాన్ని కూడా క్రేనే అంటారటండి."

"అలాగా! అయితే నీ మెడ ఒక్కసారి ఇటు క్రేన్ చెయ్యి నాయనా," అంటూ ఆయన తువ్వాలు మెలిపెట్టాడు.

ఆ ఏడు మా గట్టు చెక్కుచెదరలేదు, చెరువులోనే ఏమీ లేదు. ఇప్పటికీ ఇంటికెవరైనా వస్తే మావయ్య, "మా మేనల్లుడండీ, ఇంగ్లీషులో క్రేను," అని పరిచయం చేస్తాడు. అందుకే కొల్లేటి కొంగల సాక్షిగా శపథం చేస్తున్నాను: ఏ ఇంగ్లీషు మాటనైనా సరే, దానికి రెక్కలున్నాయో చక్రాలున్నాయో చూడకుండా తెలుగులోకి దింపను.