ఒక పూట బాకీ

పక్కింటావిడ నిన్న తీసుకెళ్ళిన కారప్పొడిని పొద్దున్నే తెచ్చిచ్చి, "ఇగో, మీది మీకు ముట్టింది" అని వెళ్ళిపోయింది. మూత తీయగానే తుమ్మొచ్చింది. ఆ ఘాటుకి ఏన్కూరు దగ్గరి మా మిరపచేను గుర్తొచ్చింది.

కాయ ఏరే రోజుల్లో అమ్మ, ఎదురింటి లచ్చమ్మ చిన్నమ్మ బదులుకు పోయేవారు. మా చేలో ఆమె ఎన్ని పూటలు ఏరితే, ఆమె చేలో అమ్మ అన్ని పూటలు ఏరాలి. ఆ ఏడు ఏరుడు ముగింపుకొచ్చినా అమ్మ ఒక పూట బాకీ ఉండిపోయింది.

"పోయి తీర్చి రారాదే?" అన్నాడు నాన్న.

"ఉండనీ" అంది అమ్మ.

అమ్మ ఎగ్గొడుతోందనుకున్నాను. చిన్నమ్మ ఇక మాతో మాట్లాడదేమోనని నాకు అన్నం సహించలేదు. చివరికి వాళ్ళ చేలోకే వెళ్ళి, "అమ్మ పూట నేను చేస్త చిన్నమ్మా" అన్నాను.

ఆమె పకపకా నవ్వి, కాయలు ఏరుతున్న చేత్తోనే నా బుగ్గ గిల్లింది. "వద్దు బిడ్డా! పోయినేడు నేనే మీ అమ్మకు ఒక పూట బాకీ ఉంచుకున్న. మొత్తం తీరిపోతే మళ్ళ ఏ వంకన పిలుసుకుంటం?"

బుగ్గ భగ్గున మండుతున్నా, హాయిగా ఇంటికి పరుగెత్తాను.

ఇంట్లో చింతపండు దండిగానే ఉంది. అయినా సాయంత్రం పక్కింటికి పోయి, ఒక గిన్నెడు అడిగి తెచ్చుకోవాలి.