అమ్మ పులుపు మానేసిన వేసవి

గొర్రెలు మేపుకునే ఇంట్లో పుట్టి మా చెల్లెలు హైదరాబాదులో రొమ్ము క్యాన్సర్ కణాలను పెంచేది. పరిశోధనట. రాష్ట్రం విడిపోయిన కొత్తల్లో అమ్మకు అదే జబ్బు వచ్చింది. ఆపరేషనుకు ముందు గడ్డ చిన్నది కావాలని గుంటూరులో మందు ఎక్కించేవారు. చెల్లెలు పక్క రాష్ట్రం నుంచి ఫోనులో పలకరించేది. మార్కాపురంలో మా ఇంట్లో అమ్మ వాంతి చేసుకుంటే బేసిను పట్టేది నేను. మరి పేరెవరికి? దానికే. నాకు ఒళ్ళు మండిపోయేది.

ఒకరోజు అమ్మ ఫోనులో అడిగింది. "చిన్నదానా, ఆ పాడు కణాలు ఎట్లుంటాయే?"

అది మురిసిపోయి చెప్పుకొచ్చింది. వాటిని ఎర్రటి ద్రవంలో ఉంచుతారట. అవి తిని తిని ఆమ్లం వదులుతుంటే ఆ ఎరుపు పసుపుకు తిరుగుతుందట. ఆ పులిసిన చోట మామూలు కణాలు నీరసిస్తే, క్యాన్సర్ కణాలు మాత్రం ఇంకా హుషారుగా పక్కకు పాకుతాయట. క్షారం కలిపితే వాటి నడత మళ్ళీ మారుతుందట. వంటింట్లోంచి అంతా విన్నాను. నాతో ఒక్కనాడైనా ఇంత ఓపిగ్గా మాట్లాడిందా అది?

అందులో అమ్మ తనకు కావలసింది ఏరుకుంది. మావైపు ఒంటి మీద పుండు పడితే మానేదాకా పులుపు ముట్టరు, చీము పడుతుందని. ఆ పథ్యాన్ని తీసుకొచ్చి గడ్డకు తగిలించింది. చింతపండు బంద్, గోంగూర బంద్, మజ్జిగ కూడా బంద్. పైగా పులుపుకు విరుగుడని తినే సోడా నీళ్ళలో కలుపుకుని తాగడం మొదలుపెట్టింది.

పులుపు లేని ముద్ద మా అమ్మకు ఏనాడూ దిగలేదు. చప్పిడి కూడు సగం వదిలేసి, చూస్తుండగానే చిక్కి సగమైంది. డాక్టరు నన్ను పక్కకు పిలిచి, తూకం పెరగకపోతే మందు ఎక్కించలేనని, ఆమె తట్టుకోలేదని అన్నాడు. సోడా మాన్పించి, నోటికి రుచించింది పెట్టమన్నాడు. ఇంటికొచ్చి అదే మొత్తుకున్నాను.

"నీకేం తెలుసే? చిన్నది చదివింది," అంది అమ్మ.

"అయితే నేను అబద్ధం చెప్తాండానా?"

"అరవబాక. దాన్నే రానీ."

వచ్చింది మహారాణి. అమ్మ మంచం మీద కూర్చుని చేయి పట్టుకుంది. "నేనట్ల చెప్పలేదమ్మా. నువ్వు తినే పులుపు గడ్డ దాకా పోదు. రక్తం తన పాళ్ళు తనే కాపాడుకుంటాది. గడ్డ చుట్టూ ఉండే యాసిడ్ ఆ గడ్డ సొంతంగా చేసుకునేది. సోడా తాగితే అది తగ్గదు, నీ ఒళ్ళు పాడవుతాది." సోడా మానమని డాక్టరు మాటగా నేను చెప్పిందీ ఇదే కదా! నా నోట్లో అది చేదు, దాని నోట్లో తీపి.

పొద్దున్నే లేచి నేను నూరిన గోంగూర పచ్చడినే అన్నంలో కలిపి అది ముద్ద అందించింది. అమ్మ తింది. మళ్ళీ పెట్టించుకుని తింది. "ఎంత కమ్మగ కలిపినావే తల్లీ," అంది. నూరిన చేయి నాది, మెప్పు దానికి. అమ్మ తింటున్నందుకు ప్రాణం లేచొచ్చింది, దాని చేత్తో తింటున్నందుకు కడుపు మండింది. రెండూ నిజమే, ఎవరేమనుకున్నా నాకేం.

సెలవు అయిపోగానే అది వెళ్ళిపోయింది. ఆ తర్వాత పూటపూటకూ పులుసు కాచి, బతిమాలి, కసిరి తినిపించింది నేను. మళ్ళీ గుంటూరు వెళ్ళాం. అమ్మ తూకం మిషను మీద నిలబడింది, చెప్పులు నా చేతిలో ఉన్నాయి. డాక్టరు చూసి, "మందు ఎక్కిద్దాం," అన్నాడు. వంగి చెప్పులు అమ్మ కాళ్ళ దగ్గర పెట్టాను.

అమ్మ నా భుజం పట్టుకుని కిందికి దిగింది. మొహం వెలిగిపోతోంది. "ఫోను తియ్యే పెద్దదానా. ముందు చిన్నదానికి చెప్పాల. పాపం, ఎంత కష్టపడిందో నా కోసం."

నంబరు కలిపి అమ్మ చెవి దగ్గర పెట్టాను.