షీల్డు పక్కన నా చెప్పు

నా చిన్నప్పుడు నన్ను ఒక ఫోటోలోంచి కోసేసిన మనిషిని నేను ఇంతవరకు క్షమించలేదు. ఆయన కాలం చేసి చాలా ఏళ్లయిందట. అయినా నా కోపం నాదే. "ఎందుకమ్మా ఇంకా ఆ ముచ్చట" అని నా కూతురు విసుక్కుంటుంది. గుర్తున్నంత కాలం చెబుతాను. అయితే ఆ కోపం వెనకాలే ఇంకొకటి జరిగింది. అది వదిలేసి కోపం ఒక్కటే చెబితే పిన్ని అన్న అర్థంలో నేను ఖాలా అని పిలిచిన మా పక్కింటావిడకు అన్యాయం చేసినట్టవుతుంది.

మేము డోర్నకల్లు రైల్వే క్వార్టర్లలో ఉండేవాళ్లం. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా మా బడి ఆడపిల్లల ఖోఖో జట్టు మానుకోట పోటీల్లో గెలిచింది. మహబూబాబాదును మేమంతా మానుకోట అనేవాళ్లం, ఇప్పటికీ అంటాం. ఆఖరి ఆటలో ఎవరికీ చిక్కకుండా తిరుగుతున్న అవతలి పిల్లను స్తంభం దగ్గర పడి మరీ ముట్టుకున్నది నేను. మోకాలి మీద ఆ మచ్చ ఇంకా ఉంది, నమ్మనివాళ్లకు చూపిస్తాను. గెలిచిన బడికి వెండి రంగు షీల్డు ఇచ్చారు. కానీ అది మాకు ఉండిపోయేది కాదు. కొన్నాళ్లు పెట్టుకొని, ఫోటో దిగి, మళ్లీ మానుకోటకు పంపేయాలి. మేము గెలిచామని చెప్పుకోవడానికి మాకు మిగిలేది ఆ ఫోటో ఒక్కటే.

ఫోటో తీయడానికి స్టూడియో ఆయన మూడుకాళ్ల పెద్ద కెమెరాతో వచ్చాడు. షీల్డును మా కెప్టెన్ చేతికిచ్చి నడుమ నిలబెట్టాడు. ఆమె టికెట్ కలెక్టర్ గారి కూతురు. మిగతావాళ్లను అటూ ఇటూ సర్దాడు. నేను పొట్టిదాన్ని, నెట్టించుకుంటూ నెట్టించుకుంటూ వరుస చివరికి పోయాను. ఆయన నల్లగుడ్డలో తల దూర్చి చూసి, బయటికొచ్చి, "ఆ చివరి పిల్ల పడ్తలేదు" అన్నాడు. మా డ్రిల్లు సారు "జర దగ్గరికి జరుగుండ్రి" అని మమ్మల్ని అదిలించేలోపే, "పడకుంటే మానె, గామె ఉన్నా లేకున్నా ఏం ఫరక్ పడ్తది" అంటూ నొక్కేశాడు.

ఫోటో అద్దం కట్టించుకొని వచ్చింది. అందరూ ఉన్నారు. చివరన నా మోచెయ్యి ఉంది. మోచెయ్యి మాత్రమే.

నేను ఏడవలేదు, సారు దగ్గరికి వెళ్లి కొట్లాడాను. ఆయన మంచి మనిషే, ఫోటోను చాలాసేపు చూసి, "మోచెయ్యి వచ్చింది గద బిడ్డా. ఎవరడిగినా గది నీదేనని నేను చెప్త" అన్నాడు. "మీకు ట్రాన్స్‌ఫర్ అయితే ఎవరు చెప్తరు సార్?" అని అడిగాను. ఇంట్లో మా అమ్మ, ఫోటో లేకపోతే అన్నం అరగదా అంది. ఇక మిగిలింది ఖాలా.

ఖాలా భర్త గూడ్సు రైలు గార్డు. ఊరు విడిచి వెళ్లిపోతున్న ఒక దొర దగ్గర ఆయన ఒక చిన్న కెమెరా కొని, నాలుగు రోజులు మెడలో వేసుకొని తిరిగి, పెట్టెలో పడేసి మరిచిపోయాడు. ఖాలా దాన్ని పైకి తీసి నేర్చుకుంది. స్టూడియోలో పరాయి మగవాడి ముందు కూర్చోవడానికి ఇష్టపడని ఆడవాళ్లు ఖాలా పెరట్లో, తీగ మీద ఆరేసిన దుప్పటి ముందు కూర్చునేవారు. ఆ ఫోటోలు ఎవరి ఇనుప పెట్టెల్లో వాళ్లవి ఉండిపోయేవి. అందుకే ఊళ్లో ఆమె భర్తకు తప్ప మగవాళ్లెవరికీ ఖాలా ఫోటోలు తీస్తుందని తెలియదు.

నేను గోడ దూకి వెళ్లి నా గోడంతా వెళ్లబోసుకున్నాను. ఖాలా బియ్యం చెరుగుతూ విన్నది. నేను ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు, "అయిపోయిందా? ఇంకున్నదా?" అని అడిగింది. ఇంకా ఉంటే అది కూడా చెప్పాను. అప్పుడు చాట పక్కన పెట్టి, షీల్డు ఎప్పుడు పోతుందని అడిగింది. రేపు మధ్యాహ్నం ప్యాసింజరు బండికి అన్నాను.

"అయితే పొద్దున తీస్కరా పో. తీద్దాం."

"నువ్వు తీస్తవా ఖాలా?"

"నేనెందుకు తీస్తనే? ఇయ్యాల స్టూడియోవాని మీద అలిగినవ్. రేపు నా ఫోటోల నీ ముక్కు వంకర వస్తే నా మీద అలుగుతవ్. నేను నీ పక్కింట్ల ఉండాల్నా వద్దా? నీది నువ్వే తీస్కో."

నేను తీస్తే నేనెలా పడతానని అడిగాను. ఖాలా కెమెరా అద్దం పక్కనున్న సన్నటి మీటను కిందికి లాగి వదిలింది. తుమ్మెద గదిలోకి వచ్చినట్టు జుమ్మని మోగి, మోగి, చివరికి టిక్‌మంది. "గిది మోగినంత సేపు నీది. ఉరుకుతవ్ గద, ఉరుకు" అంది.

ఆ సాయంత్రమంతా ఆమె మేక మీద సాధన చేశాను. ఆ కెమెరా చిన్న కిటికీలోంచి చూస్తే నడుమ పసుపు మరక లాంటిది ఉంటుంది. ఆ మరకలో ప్రతిదీ రెండుగా కనిపిస్తుంది. ముందు మేకకు నాలుగు కొమ్ములు వచ్చాయి. అద్దం చుట్టూ ఉన్న కడియాన్ని మెల్లగా తిప్పితే ఒకదాని మీద ఒకటి జరిగి రెండయ్యాయి. "కొమ్ములు రెండైనంకనే నొక్కాలె" అంది ఖాలా. తరువాత మామూలుగా, పెద్ద విషయం కానట్టు, "రీల్ల ఒక్కటే బొమ్మ మిగిలింది. మొన్న షాదీ ఇంట్ల అన్నీ అయిపోయినయ్" అంది. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు.

పొద్దున్నే సారు గది ముందు బైఠాయించాను. ఆయన తలుపు తీసి నన్ను చూసి, మళ్లీ వేసుకొని, మళ్లీ తీశాడు. "తీస్కపో తల్లీ. గంట కొట్టేలోపల తేవాలె. లేకుంటే నా నౌకరి పోతది" అని షీల్డు చేతిలో పెట్టాడు. జట్టును క్వార్టర్ల వెనక మైదానానికి లాక్కొచ్చాను. మా కెప్టెన్ కెమెరాను చూసి, "గిది కెమెరానా, సబ్బు డబ్బానా? ఒకసారి దిగినం గద, మళ్లెందుకే?" అంది.

"నువ్వు దిగినవ్. నేను దిగలే" అన్నాను.

బురఖాలో వచ్చిన ఖాలా పాత రైలు దుంగల మీద కెమెరా పెట్టి, పక్కకు వెళ్లి నీడలో కూర్చుంది. నేను కిటికీలోంచి చూశాను. రెండు షీల్డులు ఒకటయ్యాయి. ఊపిరి బిగపట్టి మీట లాగి పరుగెత్తాను. నా జడలు ఎగరడం, గౌను కాళ్లకు అడ్డం పడటం చూసి పిల్లలంతా పగలబడి నవ్వుతూ ఒకరి మీద ఒకరు వాలిపోయారు. నా కోసం నడుమ వదిలిన సందు కాస్తా మూసుకుపోయింది. తోసుకొని వెళ్లే తెగువ రాక, అలవాటైన దారిలో వరుస చివరికి పోయాను. నా సగం ఒళ్లు ఇంకొకరి భుజం వెనక ఉండగానే టిక్‌మంది.

అక్కడే మట్టిలో కూలబడ్డాను. ఖాలా తీరిగ్గా లేచి వచ్చింది. "మళ్లీ చివరికే పోయిన ఖాలా. ఉన్న ఒక్కటీ పోయింది" అన్నాను. అప్పుడు మాత్రం ఏడ్చాను.

"నిన్ను చివర్ల ఎవలు నిలబడమన్నరే? గీడ స్టూడియోవాడు లేడు గద" అంది ఖాలా.

ఆ మాట నాకు చెంపదెబ్బలా తగిలింది. నేను తలెత్తేసరికి ఆమె కెమెరా అద్దం మీదినుంచి నల్లటి మూతను తీసి నాకు చూపిస్తోంది. ఆ రకం కెమెరాలో మనం చూసే కిటికీ వేరు, బొమ్మ పడే అద్దం వేరు. అద్దానికి మూత బిగించి ఉన్నా కిటికీలో లోకమంతా వెలుగుగానే ఉంటుంది. రీలు తిప్పకపోతే మీట ఎన్నిసార్లు ఎక్కించినా అదే బొమ్మ అక్కడే ఉంటుంది. ఆ నల్ల మూత కూడా కెమెరాలో భాగమే అనుకున్నాను నేను. ఖాలా కావాలనే దాన్ని తీయలేదు. ఉన్న ఒక్క బొమ్మ చెక్కుచెదరకుండా నా కోసం అలాగే ఉంది.

కళ్లు తుడుచుకున్నాను. ఈసారి కెమెరా దగ్గరికి కాదు, ముందు జట్టు దగ్గరికి వెళ్లాను. కుడికాలి చెప్పు విడిచి, సరిగ్గా నడుమ, షీల్డు పక్కన మట్టిలో పెట్టాను. "దీన్ని ఎవలన్నా జరిపితే చూడుండ్రి" అన్నాను. "అబ్బో, మహారాణి వచ్చింది" అని కెప్టెన్ మూతి తిప్పింది కానీ పక్కకు జరిగింది. వెనక్కి వెళ్లి చూశాను. కిటికీలో నా చెప్పు కూడా కనిపించింది. మీట లాగాను. మానుకోట మైదానంలో కూడా అంత పరుగు తీయలేదు. ఎడమకాలి చెప్పు దారిలోనే ఊడిపోయింది. పిల్లలు మళ్లీ నవ్వారు, మళ్లీ వాలారు. కానీ చెప్పును ఎవరూ తొక్కలేదు. నా కాలు అందులో పడటం, చేయి షీల్డు మీద పడటం, టిక్‌మనడం ఒక్కసారే అయ్యాయి. అటు బడిలో గంట మోగింది. షీల్డు ఎత్తుకొని సారు దగ్గరికి పరుగెత్తింది కూడా నేనే.

సికింద్రాబాదుకు డ్యూటీ పడ్డప్పుడు ఖాలా తన భర్త చేతికి రీలు ఇచ్చి పంపింది. అది కడిగి వచ్చేదాకా రోజూ ప్లాట్‌ఫారం మీద కాపలా కాశాను. వచ్చింది. స్టూడియో ఫోటోలో అందరూ జ్వరం వచ్చినట్టు నిలబడి ఉంటే, ఇందులో అందరూ నోరారా నవ్వుతున్నారు. నడుమ నేను, ఒక కాలికి చెప్పుతో, ఒక కాలికి లేకుండా, జడ ఒకటి ఇంకా గాలిలో ఉండగా. సారు దాన్ని అద్దం కట్టించి స్టూడియో ఫోటో కింద వేలాడదీశాడు. కింద ఎందుకు పెట్టారని నేను అడిగాను. మర్నాడూ అడిగాను. చివరికి ఆయన "నీతోని యేగలేను తల్లీ" అని స్టూలెక్కి రెండింటినీ మార్చాడు.

ఖాలా కుటుంబం డోర్నకల్లు విడిచి వెళ్లేటప్పుడు ఆ కెమెరా నాకిచ్చింది. ఇప్పుడు జనగామలో నా బీరువాలో ఉంటుంది. ఈమధ్య మా బడి పాత విద్యార్థులమంతా కలిసినప్పుడు ఫోటో తీసే కుర్రవాడు, "అమ్మా, మీరు జర చివరికి జరుగుండ్రి" అన్నాడు. నేను సంచిలోంచి కెమెరా తీశాను. కుర్రవాళ్లు దాన్ని చూసి నవ్వారు. మా కెప్టెన్ మాత్రం నవ్వలేదు. ఇద్దరు మనవరాళ్ల అమ్మమ్మ ఆమె ఇప్పుడు. తన చెప్పు ఒకటి విడిచి నడుమ పెట్టి, "ఎవలూ జరపకుండ్రి బిడ్డా, ఈమె సంగతి మీకు తెల్వది" అంది. మోకాళ్లు సహకరించక ఉరకలేదు, గబగబా నడిచాను. అయినా టిక్‌మనేలోపే అందుకున్నాను.

నాకు ఫిర్యాదులు తగ్గలేదు. చివరికి నెట్టేసినవాళ్ల పేర్లన్నీ గుర్తున్నాయి, అడిగితే చెబుతాను. కానీ క్వార్టర్ల వెనక మైదానంలో చెప్పు పెట్టిన ఆ పొద్దుటి నుంచి, ఏ గదిలోకి వెళ్లినా, ఏ వరుసలో నిలబడినా, నన్ను ఎక్కడ నిలబెడతారా అని చూడను. ముందు నా చెప్పు పెట్టి వస్తాను. ఆ తరువాతే మీట లాగుతాను.