అత్తమ్మ పక్కన ఇంకో ఇస్తరి

బియ్యం కడగబోయే ముందు మా అత్తమ్మ చేటలోంచి ఒక పిడికెడు తీసి, పొయ్యి పక్కనున్న మట్టిముంతలో పోసింది. తర్వాత ఇంకో పిడికెడు తీసి అదే ముంతలో పోసింది. ఎసట్లో బియ్యం వేసి, మూతపెట్టి, గోడకు ఆనుకొని కూర్చుంది. ఆమెను చూసి పోదామని వచ్చిన నేను వాకిట్లో బట్టలు ఆరేస్తున్నాను. అడుగంటిన వాసన వస్తే లోపలికి వెళ్లాను. అత్తమ్మ కళ్లు మూసుకొని ఉంది. ఒకసారి పిలిచి, ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. రెండోసారి పిలవాల్సిన పని లేకపోయింది.

అది వికారాబాదులో, పందొమ్మిది వందల అరవై ఆరులో, వరికోతలు అయిపోతున్న రోజులు.

అత్తమ్మ పేరు గోవిందమ్మ. మా నాన్న మల్లప్పకు అక్క. కుల్కచర్ల దగ్గర భూములున్న ఇంటికి ఆమెను ఇచ్చారు. పోలీసు చర్య జరిగిన ఏడు, రజాకార్ల భయానికి ఊరు ఊరంతా అడవి పట్టి పోతుంటే దారిలోనే మామయ్యకు కలరా తగిలింది. పిల్లలు లేరు. అత్తింటివాళ్లు ఆమెను తాండూరులో మా ఇంటి ముందు దింపి, నీళ్లు కూడా తాగకుండా వెళ్లిపోయారు. నాన్నకు అక్కడ కందిపప్పు వ్యాపారం.

మా ఇంట్లో ఆమెను ఎవరూ ఒక్క మాట అనలేదు. అనే అవసరం ఆమె రానిచ్చేది కాదు. నాన్న ఊరికి బయలుదేరుతున్నా, పేరంటానికి ముత్తైదువలు వస్తున్నా, ఎవరూ చెప్పకముందే లేచి వెనక కొట్టంలోకి వెళ్లిపోయేది. నేను దాన్ని దాగుడుమూతలనుకొని వెతికి, "అత్తమ్మ దొరికింది" అని చేయి పట్టుకొని ముందుకు లాక్కొచ్చాను ఒకసారి. అమ్మ నా వీపు మీద చరిచింది. ఎందుకో చెప్పలేదు.

రెండేళ్లకు అత్తమ్మకు దగ్గు పట్టుకుంది. అనంతగిరి గుట్ట మీది క్షయ దవాఖానలో చేర్చారు. నయమైంది గానీ, పిల్లలున్న ఇల్లు కదా అని అమ్మ భయపడింది. నాన్న వికారాబాదులో ఒక గది చూసి, నెలనెలా బియ్యం, పప్పు పంపే ఏర్పాటు చేశాడు. ఊరికే కూర్చోలేక ఆమె మోదుగాకులతో ఇస్తర్లు కుట్టి అమ్మేది.

దవాఖానలో ఉండగానే ఆమెకు బీరమ్మ పరిచయమైంది. రోగులకు బైబిలు చదివి వినిపించడానికి చర్చివాళ్లు పంపే మనిషి. మా పొలాల్లో కూలికి వచ్చేవాళ్ల కులంలో పుట్టింది. అందుకని మంచం దగ్గరకు రాకుండా గుమ్మంలోనే నిలబడేది.

"పటేలమ్మా, ఒక పాట పాడాల్నా?"

"పాడు. ఈ దగ్గు ఇనుటికంటె నయమే గద."

ఆ పాటల కోసమే అత్తమ్మ మొదటిసారి చర్చికి వెళ్లింది. తలుపు పక్కన నిలబడితే లోపలున్నవాళ్లు జరిగి చాప ఇచ్చారట. "ఎందుకొచ్చినవని ఒక్కరు గూడ అడగలె బిడ్డా. జరుగుండ్రి, జరుగుండ్రి అన్నరు" అని నాకు ఎన్నోసార్లు చెప్పింది. ఆ ఒక్కమాటకే వారం వారం వెళ్లిందేమో అనిపిస్తుంది నాకు.

ఆ చర్చిలో ఆడవాళ్లది ఒక పద్ధతి. ఇంట్లో వండే ప్రతిపూటా ముందుగా ఒక పిడికెడు తీసి పక్కన పెడతారు. ఆదివారం తెచ్చి అందరివీ ఒకే గంపలో పోస్తారు. జొన్నలు తినే ఇంటినుంచి జొన్నలు, బియ్యం ఉన్న ఇంటినుంచి బియ్యం. అందులో కొంత లేనివాళ్లకు పోతుంది, మిగిలింది కోతపండుగనాడు వండి అందరూ ఒకే బంతిలో కూర్చొని తింటారు. అత్తమ్మ పిడికెడు పెట్టడం మొదలుపెట్టింది. కోతపండుగ ఇస్తర్లన్నీ తానే కుట్టి ఇచ్చేది. ఆ ఇస్తరి ముందు కూర్చునేది మాత్రం కాదు. అందరికీ నీళ్లు అందేలా చూసి, ఆకలితో గదికి వచ్చి పొయ్యి అంటించుకునేది. నాన్న ముందే చెప్పి ఉన్నాడు.

"పాటలు ఇను, దండం పెట్టుకో, నేను వద్దన. కని ఆళ్ల బంతిల అన్నం తింటివా అక్కా, ఇగ నా కడప తొక్కకు."

ఆమెకు ఈ లోకంలో ఉన్నది ఆ ఒక్క కడపే.

బీరమ్మ బిడ్డ కాశమ్మ పెళ్లి ఆ చర్చిలోనే జరిగింది. వేసవి సెలవులకు వెళ్లి నేనూ అక్కడే ఉన్నాను. పెళ్లయి, పిల్ల కొత్త మొగుడితో గడప దాటబోతుంటే నా పక్కనున్న అత్తమ్మ కనిపించలేదు. కాశమ్మ గడపలోనే ఆగిపోయింది. "గోవిందమ్మత్త ఏది?" అంది. వెనకున్నవాళ్లంతా ఆగారు. బీరమ్మ చర్చి చుట్టూ తిరిగి వెళ్లింది, ఆమె వెనక నేను. అత్తమ్మ వెనక గోడకు అంటుకొని నిలబడి ఉంది.

"ఏం జేస్తున్నవ్ పటేలమ్మా? గోడకు సున్నం మంచిగేసిండ్రా లేదా అని జూస్తున్నవా?"

"ఎదురు రావద్దు బీరమ్మా. పిల్ల కొత్తగ పోతున్నది."

"ఓహో. మరి నేను గూడ మొగడు పోయినదాన్నే గద. పిల్ల నా కడుపుల నుంచే వచ్చె. నేను యాడ దాక్కోవాలె? నీ పక్కన జర జాగ ఉంటె చెప్పు, నేనూ నిలవడ్త."

అత్తమ్మకు నవ్వొచ్చింది. నవ్వుతూనే ముఖానికి కొంగు అడ్డం పెట్టుకొని ఏడ్చింది. బీరమ్మ దగ్గరికి వెళ్లి, ఆమె చేయి పట్టుకుంది. అన్నేళ్లలో ఆమెను ముట్టుకోవడం అదే మొదలు. ఇద్దరూ ముందువైపుకు నడిచి వచ్చారు. కాశమ్మ వంగి అత్తమ్మ కాళ్లకు మొక్కింది.

భోజనాలప్పుడు అత్తమ్మ తాను కుట్టిన ఇస్తరి ఒకటి తీసుకొని బంతి చివర వేసుకొని కూర్చుంది. అన్నం గంప పట్టుకొని వస్తున్న బీరమ్మ ఆమె ముందు ఆగింది.

"పెట్టాల్నా అక్కా?"

పటేలమ్మా అనలేదు.

"పెట్టు."

మెతుకు మిగలకుండా తింది. నేను కళ్లార్పకుండా చూస్తుంటే, "ఆకలైంది బిడ్డా, గంతే" అంది.

మాట తాండూరు చేరింది. నాన్న అరవలేదు. బియ్యం, పప్పు పంపడం మానలేదు. మనిషిని మాత్రం రావద్దన్నాడు. ఆ వానాకాలం అత్తమ్మ బాప్తిస్మం తీసుకుంది. కొత్త పేరు పెట్టుకోమని ఎవరో సలహా ఇస్తే, "దేవుడు నన్ను గోవిందమ్మనే పిలిచిండు. ఇంకో పేరు వెట్టుకుంటె పరేషాన్ అయితడు" అందట. పాస్టరయ్యగారు నవ్వి, ఆ పేరుతోనే నీళ్లు చల్లారు.

నాకు పెళ్లి కుదిరినప్పుడు నాన్న నన్ను వెంటబెట్టుకొని వికారాబాదు వచ్చాడు. గదికి తాళం ఉంది. ఆ రోజు కోతపండుగ. చర్చి గేటు దగ్గరే నిలబడ్డాం. పందిరి కింద బంతి సాగుతోంది. అత్తమ్మ మధ్యలో కూర్చుని ఉంది. ఆమె పక్కన ఇంకో ఇస్తరి వేసి, అన్నం, పప్పు, వంకాయకూర అన్నీ వడ్డించి ఉన్నాయి. దాని ముందు ఎవరూ లేరు.

మమ్మల్ని చూసి ఎంగిలి చేత్తోనే లేచి వచ్చింది.

"పిల్ల పెండ్లి అక్కా. రా. కని బంతిల గూసోవద్దు. నీకు లోపల వెడ్తరు."

అత్తమ్మ తల అడ్డంగా ఊపింది.

"ఎనక కొట్టంల గూసునుడు మర్సిపోయిన తమ్మీ. ఇప్పుడు మల్ల రాదు. పిల్లకు నా దీవెన ఈడనుంచే ఉంటది."

ఎడమ చేత్తో నా తల నిమిరింది. బీరమ్మ గేటు దాకా వచ్చి, "పటేలా, ఒక బుక్క తిని పోరాదుండ్రి" అంది.

"తినే వచ్చినం" అన్నాడు నాన్న. పొద్దున్నుంచి మేమేమీ తినలేదు.

రైలు వికారాబాదు దాటాక నాన్న, "కిరస్తానంల గలిసినా మా బావను మర్వలె. పెద్దలకు వెట్టినట్టు పక్కన ఇస్తరేసి వెట్టుకుంది, సూసినవా?" అన్నాడు. ఆ మాటతో ఆయన మనసు కొంత కుదుటపడింది. నేనూ అదే నమ్మాను. మా ఇళ్లలో మనిషి లేని ఇస్తరికి ఇంకో అర్థం లేదు. రెండేళ్లకు నాన్న పోయాడు. అక్కాతమ్ముళ్లు మళ్లీ కలుసుకోలేదు.

అత్తమ్మను చర్చివాళ్ల సమాధుల తోటలో పెట్టారు. మట్టివేసి వచ్చాక బీరమ్మ ఆ ముంతలోని బియ్యం కొంగున మూట కట్టుకుంది, ఆదివారం గంపలో పోయడానికి. రెండు పిడికిళ్లు ఎందుకు తీసేదని అడిగాను.

"ఒకటి తనది. ఇంకోటి తాండూరు ఇంటిది. మీ నాయిన పోయినంక గూడ ఆపలె. ఇల్లయితె ఉన్నది గద అనేది. పిడికెడు వచ్చిన ప్రతి ఇంటికి కోతపండుగనాడు ఇస్తరి వడ్తది బిడ్డా, మనిషి రాకున్నా సరే. బంతి లేసినంక, ఆకలిగొని గేటుకాడికి ఎవరొస్తె ఆళ్లకు అది వెడ్తం."

మామయ్య కోసం కాదా అన్నాను.

"సచ్చిపోయినోళ్లకు మాకాడ ఇస్తరెయ్యరు బిడ్డా. అది మీ నాయినది."